ఎర్రబడిన తెల్ల పెట్టె

మా ఊళ్లో దేవుళ్లు ఒకసారి ఓటు వేశారని నమ్మేవాళ్లు ఇప్పటికీ రెండు వర్గాలుగా ఉన్నారు. వేసింది అమ్మవారని ఒక వర్గం, యేసు ప్రభువని ఇంకో వర్గం. ఇద్దరికీ ఓటర్ల జాబితాలో పేరు లేదు కదా అని నేనంటే మాత్రం రెండు వర్గాలూ ఏకమై నా మీదికి వస్తాయి. మతసామరస్యానికి నేను చేసిన సేవ ఇదొక్కటే.

సంగతి ఇది. అందరికీ ఓటు వచ్చాక మా పట్టణంలో మొట్టమొదటిసారి మునిసిపల్ కౌన్సిల్‌కు ఎన్నిక జరిగింది. అంతకుముందు పన్ను కట్టేవాళ్లకే ఓటు ఉండేది. పన్ను కట్టే ఇళ్లవాళ్లంతా ఒకరికొకరు పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్లే కాబట్టి ఎన్నిక కూడా ఇంచుమించు పెళ్లి మాటల్లాగే ముగిసేది. ఎవరు కౌన్సిలరో భోజనాల దగ్గరే తేలిపోయేది. అలాంటిది, గేదెలు కాసుకునేవాడికీ, మిరప చేలో కాయ కోసే ఆడమనిషికీ ఓటు ఇచ్చేసరికి పెద్దిళ్లకు ఒకటే దిగులు పట్టుకుంది.

అప్పట్లో మా దగ్గర ఓటు చీటీ మీద పేర్లు, గుర్తులు ఉండేవి కావు. గదిలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కో రంగు పెట్టె పెట్టేవాళ్లు. ఓటరు చీటీ తీసుకుని తెర వెనక్కి వెళ్లి, తనకు నచ్చినవాడి పెట్టెలో వేసి రావాలి. చదువు రానివాళ్లకు ఇంతకన్నా సులువైన పద్ధతి లేదని పైవాళ్లు అనుకున్నారు. పైవాళ్లకు మా ఊరి సంగతి తెలియదు.

మా వార్డులో పోటీ ఇద్దరి మధ్యే. తెల్ల పెట్టె పత్తి మిల్లు యజమానిది. ఎర్ర పెట్టె అదే మిల్లులో బేళ్లు మోసే మనిషిది. ఆయన క్రిస్టియన్ పేటవాడు, ఆదివారం చర్చిలో బైబిలు చదివి వినిపించేవాడు. పోలింగు మొదలైన కాసేపటికే తెల్ల పెట్టె ఎర్రబడింది. తెర వెనక రెండూ ఎర్ర పెట్టెలే అయ్యాయి. సాయంత్రం లెక్కపెడితే బేళ్లు మోసే మనిషి గెలిచాడు. ఇంతవరకూ ఎవరికీ తగాదా లేదు. తగాదా అంతా ఆ పెట్టె ఎందుకు ఎర్రబడిందన్న దగ్గరే.

మిల్లు యజమాని మనవడు ఇప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజీ నడుపుతున్నాడు, అమ్మవారి గుడి కమిటీకి పెద్ద కూడా. అతను ఈ కథ చెప్పే తీరు వేరు. ఆ రోజు పొద్దున్నే వాళ్ల నాయనమ్మ ఇంటి ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని వెళ్లి, మొదటి ఓటు తనే వేసిందట. కొత్త పెట్టెకు వట్టి చేతులతో ఎదురెళ్లకూడదని పసుపు కలిపి తీసుకెళ్లి, గడపకు పూసినట్టు పెట్టెంతా పూసిందట. బొట్లు పెట్టి పూలు వేసిందట. చూస్తూ ఉండగానే పెట్టె ఎర్రగా మారిపోయిందట. "మా తాతకి ఆ పదవి వద్దని అమ్మవారే చెప్పిందండీ. లేకపోతే మా తాతని ఓడించే మొగాడెవడు ఈ ఊళ్లో?" అంటాడు. అది అతనికి ఎంతో గౌరవమైన ఓటమి. అమ్మవారి చేతిలో ఓడినవాడు, బేళ్లు మోసేవాడి చేతిలో ఓడినట్టు కాదు కదా.

పేటలో చెప్పేది ఇంకొకటి. ప్రభువు రక్తం ఆ పెట్టె మీద కనబడిందనీ, బీదవాణ్ణి హెచ్చించడానికే అలా జరిగిందనీ ఏటా చర్చి పండగల్లో సాక్ష్యం చెబుతారు. చెప్పేవాళ్లకు కన్నీళ్లు, వినేవాళ్లకు కన్నీళ్లు.

నేను నలభై ఏళ్లుగా వేదికల మీద చేతిలోంచి విభూది రాల్చేవాళ్లనీ, నిప్పుల మీద నడిచేవాళ్లనీ ఎదుర్కొంటున్నవాణ్ణి. ఇలాంటి కథ చెవిన పడితే నాకు నిద్ర పట్టదు. "పూజారి కూడా దేవుణ్ణి మీరు తల్చుకున్నన్ని సార్లు తల్చుకోడు" అంటుంది మా ఆవిడ. 

ఈ మధ్య మా మునిసిపాలిటీ కౌన్సిల్ హాలుకు మరమ్మతులు చేయించి, మొదటి కౌన్సిలర్ల గురించి గోడ మీద రాతి పలక పెట్టాలని నిర్ణయించింది. ఒక్కొక్కరి గురించి పేరు, వార్డు, ఒక వాక్యం. వాక్యాలు రాసే పని నాకు అప్పజెప్పారు. ఊళ్లో తెలుగు బాగా వచ్చి, వేరే పనేమీ లేని మనిషిని నేనొక్కణ్ణే. వినుకొండ నుంచి బదిలీ మీద వచ్చిన కుర్ర కమిషనర్ నాకు ఒకే షరతు పెట్టాడు. ఎవరికీ కోపం రాకూడదు. "సార్, మీరు ఏం రాసినా ఫర్లేదు, ఏమీ రాసినట్టు ఉండకూడదు" అన్నాడు. అతనికి మంచి భవిష్యత్తు ఉంది.

ఆ వార్త ఊళ్లో పాకగానే మా ఇంటికి మొదట వచ్చింది టీచరమ్మ. బేళ్లు మోసి కౌన్సిలరైన మనిషికి మనవరాలు. హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరై చాలా కాలమైంది. మా ఊళ్లో నలభై దాటినవాళ్లలో ఆమె చేత మొట్టికాయలు తిననివాళ్లు తక్కువ. ఇస్త్రీ మడత చెడని మంగళగిరి చీర, చేతిలో గొడుగు. కూర్చోమంటే కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మా తాతయ్య గురించి ఏం రాస్తారండీ?"

"నిజం రాస్తానండీ."

"అదే, ఏ నిజం? అమ్మవారు గెలిపించిందని వాళ్లంటారు. ప్రభువు గెలిపించాడని మావాళ్లంటారు. మా తాతయ్య పగలంతా బేళ్లు మోసి, సాయంత్రం కాళ్లు కడుక్కుని ఇల్లిల్లూ తిరిగి అడిగిన ఓట్లు ఏమైనట్టు?"

ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషి నోట ఈ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. అయితే మీరూ ప్రభువుని నమ్మరన్నమాట అన్నాను, కొంచెం ఆశగా.

"ప్రభువుని నమ్ముతానండీ. ఆయన వార్డు ఎన్నికల్లో తిరుగుతాడని నమ్మను."

అప్పుడు కూర్చుని మిగతాది చెప్పింది. గెలిచిన మర్నాడే ఆయన్ని మిల్లులోంచి తీసేశారు. కౌన్సిల్లో ఏం మాట్లాడినా, ఆ పెట్టె ఎర్రబడకపోతే నువ్విక్కడ ఉండేవాడివా అని నవ్వేవాళ్లు. ఆ నవ్వు ఆయనతో పోలేదు. ఆమె తండ్రి కూడా పడ్డాడు, ఈమె కూడా స్టాఫ్ రూములో పడింది. ఆమె ముందు ఎవరూ అనరు, తలుపు దాటాక అంటారు. తాతయ్యది దానంగా వచ్చిన సీటు కాదనీ, ఆయన ఓట్లతో గెలిచాడనీ ఆ గోడ మీద ఉండాలి. అది తన కళ్లతో చూడాలి. ఆమెకు కావలసింది అంతే. "మీరు అద్భుతాల్ని కొట్టిపారేస్తారని పేరుంది కదా. కొట్టిపారేయండి" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

ఇంతకన్నా సుఖమైన పని నాకు జీవితంలో దొరకలేదు. కథలో ఉన్న పసుపు చాలు, మిగతాది నాకు తెలుసు. పెట్టెకు తెలుపు ఎక్కడిది? మునిసిపాలిటీవాళ్లకు తెల్ల రంగు అంటే సున్నమే. సున్నం మీద పసుపు పడితే ఎర్రబడుతుంది. మన ఆడవాళ్లు పిల్లలకు దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా కలుపుతారు? పసుపు, సున్నం వేసే కదా. ఊరంతా ప్రతి పండగకూ చేతులారా చేసే పనిని, ఒక పెట్టె మీద జరిగేసరికి గుర్తు పట్టలేకపోయింది.

అభ్యంతరాలు వినడానికి కమిషనర్ కౌన్సిల్ హాల్లో సమావేశం పెట్టాడు. గుడి కమిటీ ఒక వైపు, పేటవాళ్లు ఒక వైపు కూర్చున్నారు. టీచరమ్మ ముందు వరసలో ఉంది. నేను ఒక చెక్క పెట్టెకు నాలుగు రోజుల ముందే శుభ్రంగా సున్నం కొట్టి, ఎండలో ఆరబెట్టి తీసుకెళ్లాను. సగం చేరెడు పసుపు నీళ్లలో కలిపి బల్ల మీద పెట్టుకున్నాను. ఉపన్యాసం బాగానే నడిచింది. కారణం లేని కార్యం లేదన్నాను. భయం ఉన్నచోట బుద్ధి నిద్రపోతుందన్నాను. ఇక చూడండి అని పెట్టె మీద పసుపు పూశాను.

పెట్టె పచ్చగా అయింది. పచ్చగానే ఉండిపోయింది.

ఇంకాస్త పూశాను. ఇంకాస్త పచ్చబడింది. హాల్లో ముందు దగ్గులు వినబడ్డాయి. తర్వాత కోల్డ్ స్టోరేజీ యజమాని లేచి, చాలా మర్యాదగా, "అమ్మవారు మీ పెట్టె మీదికి రాదులెండి మాస్టారూ" అన్నాడు. గుడి కమిటీ నవ్వింది. పేటవాళ్లు కూడా నవ్వారు. మళ్లీ మతసామరస్యం.

నా మెదడుకు అందేలోపు టీచరమ్మే అడిగింది, సున్నం ఎప్పుడు కొట్టారని. చెప్పాను. "ఎండిన గోడకి పసుపు రాస్తే పండుతుందాండీ? తడిగా ఉండొద్దూ?" అంది. తాజా సున్నం గాలికి ఎండి సుద్దలా మారిపోతుంది. నేను ఎన్నో పాఠశాలల్లో చెప్పిన సంగతే అది. వాచ్‌మన్‌ని ఎదురుగా ఉన్న కిళ్లీ కొట్టుకు పంపించి, తమలపాకుకు రాసే సున్నం తెప్పించాను. అది పెట్టె మీద మెత్తి పసుపు పూశాను. చెయ్యి తీసేలోపే ఎర్రబడింది. పెళ్లికూతురి పారాణంత ఎరుపు. ముందు వరసలో ఒక ముసలమ్మ అలవాటుకొద్దీ దణ్ణం కూడా పెట్టింది.

దీంతో ఇంకో సంగతి కూడా తేలిపోయింది. ఎన్నిక నాటి పొద్దున పెట్టెలకు సున్నం ఆఖరి నిమిషంలో కొట్టి ఉండాలి. మా మునిసిపాలిటీ పనితీరు తెలిసిన ఎవరికీ అందులో ఆశ్చర్యం కనబడలేదు.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ వాదంలో గెలిచినవాడికి ఆగడం చేతకాదు. నేను తీర్మానం కూడా చదివేశాను. తెల్ల పెట్టెలో వెయ్యమని చెప్పి పంపిన జనానికి లోపల తెల్ల పెట్టె కనబడలేదు. కనబడినవి రెండూ ఎర్రవి. తికమకపడి ఎందులో పడితే అందులో వేశారు. కాబట్టి ఇందులో అమ్మవారు లేదు, ప్రభువు లేడు. ఆ మనిషి గెలిచింది పొరపాటున.

చప్పట్లు కొట్టింది కోల్డ్ స్టోరేజీ యజమాని ఒక్కడే. అమ్మవారు పోయినా అతనికి పొరపాటు మిగిలింది.

టీచరమ్మ లేచి నిలబడింది. నాకు ఆమె క్లాసులో కూర్చునే భాగ్యం లేకపోయింది కానీ, అప్పుడు కూర్చున్నట్టే అనిపించింది.

"రెండు పెట్టెలూ ఎర్రగా ఉంటే తికమక ఇద్దరి మనుషులకీ కదండీ. మావాళ్లకి ఎర్ర పెట్టె అని చెప్పారు. లోపల రెండు ఎర్ర పెట్టెలు. మావాళ్లవి అటు పడకూడదా?"

పడవచ్చు అన్నాను.

"పడలేదు. ఎందుకో అడగండి."

అడిగాను. వేరే దారి లేదు.

పేట నుంచి మొదట లోపలికి వెళ్లిన మనిషి బయటికి వచ్చి వరసలో ఉన్నవాళ్లకు చెప్పాడట, పూలూ బొట్లూ ఉన్న పెట్టె వాళ్లది, ఏమీ లేనిది మనది అని. పేటవాళ్లు పెట్టెలకు పూజ చెయ్యరు, దూదేకుల వీధివాళ్లూ చెయ్యరు. పూజ లేని పెట్టె వెతుక్కుని వేసి వచ్చారు. వాళ్లకు తికమకే లేదు. అయితే అవతలివాళ్లకు కూడా ఉండకూడదు కదా అన్నాను నేను, పరువు కాపాడుకోవడానికి. పూలున్నది మాది అని వాళ్లకూ తెలిసే ఉండాలి. మరి వాళ్ల ఓట్లు ఏమయ్యాయి?

 ఆమె కోల్డ్ స్టోరేజీ యజమాని వైపు తిరిగింది.

"ఏరా, మీ ఇంట్లో ఏమని చెప్పుకుంటారు? మీవాళ్ల ఓట్లు ఏమయ్యాయంట?"

ఆ మనిషి యాభై దాటినవాడు, వందల లారీల మిర్చికి తాళం చెవి దగ్గర పెట్టుకున్నవాడు. చటుక్కున లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక కానీ అతనికి తెలియలేదు నిలబడ్డానని.

"మావాళ్లు మా పెట్టె దగ్గరికే వెళ్లారండీ. మా నాయనమ్మ చీటీని పూల మీద పెట్టి దణ్ణం పెట్టుకుని వచ్చిందంట. ఆవిణ్ణి చూసి మిగతా ఆడవాళ్లు, వాళ్లని చూసి మొగవాళ్లు. పళ్లెంలో పెట్టినట్టు అన్నీ పైనే పెట్టారు. సాయంత్రం ఆ ఆఫీసరు లోపల పడినవే లెక్క అన్నాడు. పూలతో పాటు ఊడ్చి పారేశారండీ. అవి లెక్కపెట్టుంటే మా తాతే గెలిచేవాడు."

"మరి ఇందాకటిదాకా అమ్మవారు వద్దందన్నావు?"

అతను గుడి కమిటీ వైపు చూశాడు. గుడి కమిటీ కిటికీ వైపు చూసింది.

టీచరమ్మ అప్పుడు అందరి వైపూ తిరిగి, తాతయ్య ఎలా ఓట్లు అడిగాడో చెప్పింది. ఆయన చేతిలో ఒక కిరసనాయిలు డబ్బా ఉండేదట. దాని మూతకు చీలిక చేయించాడు. ప్రతి ఇంటి ముందూ కూర్చుని, ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికీ ఒక్కో వేపాకు చేతికిచ్చి, ఆ చీలికలోంచి లోపల వెయ్యమనేవాడట. చూపు ఆనని ముసలివాళ్ల చేత వేలితో చీలిక తడిమించి మరీ వేయించేవాడట. లోపల పడితేనే ఓటు, పైన ఉంటే ఆకు అనేవాడట. డబ్బాతో తిరుగుతుంటే పెద్దిళ్ల అరుగుల మీద కూర్చున్నవాళ్లు, ఏం రా, కిరసనాయిలు అమ్ముతున్నావా అని నవ్వారట. మిల్లు యజమాని కారు పంపించాడు, భోజనాలు పెట్టాడు, బ్యాండు మేళం తిప్పించాడు. ఓటు ఎలా వెయ్యాలో చెప్పించాలని మాత్రం ఆయనకు తోచలేదు.

"మావాళ్లు పెట్టెలో వేశారు. వీళ్లు పెట్టెకి మొక్కారు. ఇందులో పొరపాటు మా తాతయ్యదెలా అయిందండీ?" అని నన్ను అడిగింది.

హేతువాదం గురించి నేను ఇచ్చిన ఉపన్యాసాలన్నిట్లో ఇంత పొట్టిది, ఇంత గట్టిది లేదు. పసుపును చూశాను, సున్నాన్ని చూశాను, రసాయన శాస్త్రమంతా చూశాను. డబ్బా పట్టుకుని తిరిగిన మనిషిని మాత్రం నా లెక్కలోకి రానివ్వలేదు. అద్భుతం లేకపోతే పొరపాటే ఉండాలని ఎవరు చెప్పారు నాకు?  చేతికి అంటిన ఎరుపు తుడుచుకుంటూ, మీరన్నదే సబబు అన్నాను. నేను ఓ వేదిక మీద ఆ మాట అనడం తను చూడలేకపోయానని మా ఆవిడ ఇప్పటికీ బాధపడుతుంటుంది.

కమిషనర్ గొంతు సవరించుకుని, అయితే ఇరువర్గాలకూ ఆమోదమైన వాక్యం ఏదో ఒకటి, అని మొదలుపెట్టాడు. టీచరమ్మ అతణ్ణి చేత్తోనే ఆపింది. కోల్డ్ స్టోరేజీ యజమాని ఇంకా నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ చెప్పలేదు మరి.

"చెప్పరా. మీ తాతని అమ్మవారు ఓడించిందా, ఆయనే ఓడిపోయాడా?"

 అతని మనుషులు అక్కడే ఉన్నారు. తల అడ్డంగా ఊపి కూర్చుని ఉంటే కమిషనర్ ఆ వాక్యాన్నే తీసేసి, పేరు, వార్డు చెక్కించి ఊరుకునేవాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. 

"ఓడిపోయాడండీ."

"వెనకాలవాళ్లకి వినపళ్లేదు."

"మా తాతే ఓడిపోయాడండీ."

"ఎవరి మీద?"

అతను ఆమె తాత పేరు చెప్పాడు. చెప్పి, ఒక క్షణం ఆగి, చివర గారు అని చేర్చాడు. ఆ ఇంట్లో మూడు తరాలుగా ఆ పేరు పక్కన ఆ మాట పడి ఉండదు.

"కూర్చో" అని, తనూ కూర్చుంది.

నేను కాగితం మీద రాసుకొచ్చిన వాక్యం కొట్టేసి, అక్కడే ఇంకొకటి రాసి పైకి చదివాను. ఓటు ఎలా వెయ్యాలో ఇల్లిల్లూ తిరిగి నేర్పి, ఆ ఓట్లతో గెలిచారు. ఆమె ఇంకోసారి చదవమంది. చదివాను. కమిషనర్, కోపం వచ్చినవాళ్లెవరైనా ఉన్నారా అని హాలంతా చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, అలాగే చెక్కిస్తామమ్మా, త్వరలోనే పెట్టిస్తాం అని చేతులు జోడించాడు. జనం లేవడం మొదలుపెట్టారు.

టీచరమ్మ లేవలేదు. గొడుగు ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

"త్వరలో అంటే ఏ రోజండీ?" అంది.

కమిషనర్ గోడకున్న క్యాలెండరు వైపు తిరిగాడు.